జానెడు దూరమా, మూరెడు దూరమా: కండెన్సర్ మైకు కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న

రాత్రి పదకొండు దాటాక, నైలాన్ తీగల గిటారు మీద వేళ్లతో మెల్లగా వాయించిన చిన్న ముక్క ఒకటి రికార్డు చేశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే తీగ కంటే ముందు సుయ్‌మనే చప్పుడు చెవిన పడింది. ఫ్యాన్ ఆపాను. ఫ్రిజ్ ప్లగ్గు పీకాను. కిటికీలు వేశాను. మళ్లీ వాయించి విన్నా చప్పుడు అలాగే ఉంది. అది గదిలోది కాదు, మైకు లోపలి నుంచే వస్తోంది. డబ్బా మీద 'స్టూడియో క్వాలిటీ' అని పెద్ద అక్షరాలు చూసి కొన్నానే తప్ప, లోపలి కాగితంలో ఒక్క అంకె కూడా నేను చదవలేదు.

తర్వాత ఆ కాగితాలు చాలా చదివాను. సెన్సిటివిటీ, సెల్ఫ్ నాయిస్, పోలార్ ప్యాటర్న్, మ్యాక్స్ ఎస్‌పీఎల్ అని ఒక్కోటీ విడిగా చదివితే బుర్రకెక్కవు. ఒక ప్రశ్న చుట్టూ పేర్చుకుంటే మాత్రం అన్నీ దారికొస్తాయి. మైకుని మీ వాద్యానికి ఎంత దూరంలో పెడతారు? జానెడా, మూరెడా, బారెడా? తక్కువ ధరలో మంచి మైకు ఏదని అడిగే ముందు దీనికి జవాబు చెప్పుకోవాలి. జానెడు దూరంలో చక్కగా పనిచేసే మైకే బారెడు దూరంలో చేతులెత్తేయొచ్చు.

లోపల ఏముంది

కండెన్సర్ అంటే కెపాసిటర్‌కి పాత పేరు. లోహపు పూత ఉన్న పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి, దాని వెనకాల వెంట్రుకవాసి ఎడంలో ఒక లోహపు పలక. రెండింటి మధ్య విద్యుదావేశం ఉంటుంది. ధ్వని తాకితే పొర కదులుతుంది, ఎడం మారుతుంది, దాంతో వోల్టేజి మారుతుంది. మనకు దక్కే సిగ్నల్ అదే. 1916లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఇంజినీరు ఈ.సీ. వెంటే తయారుచేసిన మొదటి కండెన్సర్ మైకు సూత్రం ఇదే, ఇవాళ్టి చవక మైకు సూత్రమూ ఇదే. డైనమిక్ మైకులో పొరకి తీగచుట్ట అతికించి ఉంటుంది కాబట్టి ఆ బరువుని కూడా ధ్వనే మోయాలి. కండెన్సర్ పొరకి ఆ బరువు లేదు. అందుకే తీగని గోరు గీరిన చప్పుడు, కమాను తీగని పట్టుకునే గరుకుదనం దీనికి ఇట్టే దొరుకుతాయి.

ఈ మైకుకి కరెంటు కావాలి. మైకుని కంప్యూటర్‌కి కలిపే డబ్బా, అంటే ఆడియో ఇంటర్‌ఫేస్ మీద 48వీ అని రాసి ఉండే బటన్ అందుకే. దాని పేరు ఫాంటమ్ పవర్. 48 అనే అంకె వెనక ఒక చిన్న కథ ఉంది. 1966లో న్యూమన్ కంపెనీ కేఎం 84 మైకుని నార్వే రేడియో వాళ్ల కోసం సిద్ధం చేస్తున్నప్పుడు, అక్కడి స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉంది. దాన్నే మైకులకీ వాడుకున్నారు. చివరికి ప్రపంచమంతా అదే ప్రమాణమైంది.

ఇక్కడ ఒక అపోహ తీర్చేయాలి. ప్రకటనల్లో 'ట్రూ కండెన్సర్' అనే మాట గొప్పగా వాడతారు, ఎలెక్ట్రెట్ రకాన్ని చిన్నచూపు చూస్తారు. ఎలెక్ట్రెట్‌లో ఆవేశం బయటి నుంచి రాదు, తయారీలోనే పదార్థంలో శాశ్వతంగా నింపేస్తారు. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ కనిపెట్టిన పద్ధతి ఇది. ఎలెక్ట్రెట్ అయినంత మాత్రాన మైకు నాసిరకం కాదు. ఆర్కెస్ట్రాల రికార్డింగుకి వాడే, చాలా ఖరీదైన డీపీఏ 4006 కూడా ఆ జాతిదే. కాబట్టి ఆ మాట చూసి కొనకండి, ఆ మాట లేదని మానేయకండి. అయితే ఫోన్‌కి పెట్టే సన్న పిన్నుతో, స్టూడియో మైకు ఆకారంలో అతి చవకగా అమ్మేవి వేరు. వాటిలో పెద్ద జాలీ వెనకాల వేలిగోరంత క్యాప్సూల్ (పొర, పలక కలిసిన భాగం) ఉంటుంది. మెల్లగా పలికే వాద్యానికి అవి పనికిరావు.

అటు వాద్యం, ఇటు గది

వాద్యం మనల్ని దూరం జరగమంటుంది. గిటారు ధ్వని ఒక్క రంధ్రంలోంచి రాదు. పైపలక, వెనకపలక, తీగలు, మెడ అన్నీ పలుకుతాయి. అవన్నీ కలిసి ఒక్క నాదం అవడానికి కొంత జాగా కావాలి. మైకుని మరీ దగ్గర పెడితే ఆ చెక్కలో ఒక ముక్క మాత్రమే వినిపిస్తుంది. పైగా ఒకే దిక్కు నుంచి వినే మైకుల్లో, దగ్గరికి జరిగే కొద్దీ బాస్ ఉబ్బిపోతుంది. దీన్ని ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు.

గదేమో దగ్గరికి రమ్మంటుంది. దూరం రెండింతలైతే వాద్యం నుంచి నేరుగా వచ్చే ధ్వని 6 డీబీ (డెసిబెల్, ధ్వని బిగ్గరతనానికి కొలత) పడిపోతుంది. గోడలకి కొట్టుకుని తిరిగే ధ్వని మాత్రం గదిలో ఎక్కడైనా ఇంచుమించు ఒకే మోతాదులో ఉంటుంది. అంటే వెనక్కి జరిగే కొద్దీ వాద్యం తగ్గుతుంది, గది పెరుగుతుంది. పెద్ద హాలులో అది అందమే. పడకగదిలో అది డబ్బాలో కూర్చుని వాయించినట్టు వినిపిస్తుంది. గోడలు రెండు మూడు మీటర్లలోనే ఉండటంతో ప్రతిధ్వని కొన్ని మిల్లీసెకన్లలోనే తిరిగొచ్చి అసలు ధ్వనితో కలిసిపోతుంది. కొన్ని స్వరాలు ఉబ్బుతాయి, కొన్ని నీరసపడతాయి.

ఈ లాగులాటలో మామూలు గదిలో మిగిలే చోటు జానెడు నుంచి మూరెడు దాకా, అంటే సుమారు 20 నుంచి 45 సెంటీమీటర్లు. గది కాస్త మెత్తబడితే ఇంకొంచెం వెనక్కి పోవచ్చు. అలా మెత్తబరచడానికి చాలామంది పల్చటి ఫోమ్ ముక్కలు మైకు వెనక గోడకి అతికిస్తారు. వాటితో రెండు చిక్కులు. పల్చటి ఫోమ్ ట్రెబుల్‌ని మాత్రమే మింగుతుంది, కింది స్వరాల గుయ్యిమనే మోత అలాగే ఉంటుంది. పైగా ముందువైపు వినే కార్డియాయిడ్ మైకు తన వెనక ఉన్నదాన్ని ఎలాగూ సరిగా వినదు. అది చూసేది మీ వైపు, మీ వీపు వెనక గోడ వైపు. మందపాటి బొంత వేలాడదీయాల్సింది అక్కడ. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చున్నా మంచిదే. కొత్త మైకు కంటే ముందు చేయాల్సిన పని ఇది. నేను మాత్రం మైకు కొన్న చాలా రోజులకి చేశాను.

సుయ్‌మనే అంకె

కాగితంలో నేను మొదట చూసేది సెల్ఫ్ నాయిస్. ఏ ధ్వనీ లేకపోయినా మైకు తనంతట తాను చేసే హిస్, అంటే ఆ సుయ్‌మనే చప్పుడు, ఎంతో చెప్పే అంకె ఇది. డీబీఏలో (చెవి వినే తీరుకి సర్దిన డీబీ) ఇస్తారు, తక్కువైతే మంచిది. ఆడియో-టెక్నికా ఏటీ2020కి 20, ఏటీ2035కి 12. రోడ్ ఎన్‌టీ1-ఏకి 5. పెద్ద స్టూడియోల్లో కనిపించే న్యూమన్ యూ 87 ఏఐకి కార్డియాయిడ్‌లో 12. ఈ ఒక్క విషయంలో చవక మైకు ఖరీదైన మైకుని దాటిపోగలదు.

20కి 5కి తేడా ఎంతని దూరంలో చూడండి. దూరం రెండింతలైతే వాద్యం 6 డీబీ తగ్గుతుందనుకున్నాం కదా. మైకు హిస్ మాత్రం మారదు. తగ్గిన వాద్యాన్ని పైకి తేవడానికి మనం ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ (సిగ్నల్‌ని పెద్దది చేసే మోతాదు) పెంచుతాం, దాంతో పాటు హిస్ కూడా పైకొస్తుంది. ఈ లెక్కన 15 డీబీ తేడా అంటే దూరంలో ఐదింతల పైమాటే. జానెడు దూరంలో ఏటీ2020 ఎంత హిస్ చేస్తుందో, ఐదు జానల దూరంలో ఎన్‌టీ1-ఏ దాదాపు అంతే చేస్తుంది. ఉక్కు తీగల గిటారుని ప్లెక్ట్రమ్‌తో గట్టిగా వాయించేవాళ్లకి 20 అయినా ఇబ్బంది లేదు, ఆ మోతలో హిస్ మునిగిపోతుంది. నైలాన్ తీగల మీద మెల్లగా వాయించేవాళ్లు, మధ్యలో మౌనాలు ఎక్కువుండే సంగీతం చేసేవాళ్లు 15 లోపు వెతుక్కోవాలి. నా మొదటి మైకు ఇంకాస్త అధ్వానం కావడం వల్లే ఆ రాత్రి ఫ్రిజ్‌ని అనుమానించాల్సి వచ్చింది.

రాత్రిపూట నిశ్శబ్దమైన గదిలో కూడా 30 డీబీఏ దాకా చప్పుడు ఉంటుంది కదా, 20 ఉన్న మైకు దానికింద దాక్కోదా అని సందేహం రావచ్చు. గది చప్పుడు ఎక్కువగా కింది పౌనఃపున్యాల్లో గుయ్యిమనే మోత. దాన్ని కింది పౌనఃపున్యాల్ని తీసేసే లో-కట్ ఫిల్టర్‌తో చాలావరకు కత్తిరించవచ్చు, చెవి కూడా దాన్ని అంతగా పట్టించుకోదు. మైకు హిస్ మన వాద్యం మెరుపు ఉండే చోటే కూర్చుంటుంది, అందుకే విడిగా వినపడుతుంది. అయితే మీ కిటికీ బయట రోడ్డు హోరు రోజంతా ఉంటే, 12 నుంచి 5కి దిగడానికి అదనంగా డబ్బు పెట్టడం దండగ.

కొన్ని కంపెనీలు సెల్ఫ్ నాయిస్ చెప్పకుండా సిగ్నల్-టు-నాయిస్ అని మాత్రమే వేస్తాయి. 94లోంచి ఆ అంకె తీసేస్తే సరి. 74 అని ఉంటే సెల్ఫ్ నాయిస్ 20. రెండూ ఎక్కడా వేయకపోతే, ఆ మైకుని నేనైతే కొనను.

సెన్సిటివిటీ గురించి ఎక్కువ టెన్షన్ అక్కర్లేదు. అదే ధ్వనికి ఎన్ని మిల్లీవోల్టులు ఇస్తుందని మాత్రమే అది చెబుతుంది. ఏటీ2020 సుమారు 14, ఎన్‌టీ1-ఏ 25 మిల్లీవోల్టులు. డైనమిక్ మైకుల్లో అందరికీ తెలిసిన షూర్ ఎస్‌ఎం57 రెండుకి లోపే. అందుకే మెత్తటి వాద్యానికి డైనమిక్ మైకు పెడితే గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పాల్సి వస్తుంది, చవక ఇంటర్‌ఫేస్ తన హిస్ కూడా కలుపుతుంది. మ్యాక్స్ ఎస్‌పీఎల్, అంటే ధ్వని చెడకుండా మైకు తట్టుకోగల గరిష్ఠ మోత, 130 డీబీ దాటితే చాలు. ట్రంపెట్ నోటికో డ్రమ్ముకో ఆనించి పెట్టేవాళ్లు తప్ప మిగతావాళ్లు ఆ గీత చదవక్కర్లేదు. '20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్' అని, మైకు వినగలిగే పౌనఃపున్యాల పరిధి ప్రతి డబ్బా మీదా ఉంటుంది. ఎన్ని డీబీల హెచ్చుతగ్గుల్లోపు అనేది చెప్పకపోతే దానికి అర్థమే లేదు.

పెద్ద పొర, చిన్న పొర

పెద్ద పొర (డయాఫ్రమ్) అంటే దాదాపు అంగుళం, 25 మిల్లీమీటర్లు. చిన్నది అందులో సగం. పెన్సిల్ మైకు అని పిలిచేది దాన్నే. పెద్ద పొర ఎక్కువ గాలిని పట్టుకుంటుంది, హిస్ తక్కువ. చిన్న పొరకి హిస్ కాస్త ఎక్కువ. రోడ్ ఎన్‌టీ5కి 16, ఎం5కి 19. ఇంతవరకు చూస్తే పెద్దదే గెలిచినట్టు.

కానీ 10 కిలోహెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు సుమారు మూడున్నర సెంటీమీటర్లు. రెండున్నర సెంటీమీటర్ల పొరకి ఆ తరంగం పక్కవాటంగా వస్తే, పొర మీద ఒకచోట శిఖరం, ఇంకోచోట లోయ పడతాయి. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంటే పెద్ద పొర ఎదురుగా వచ్చే ట్రెబుల్‌ని బాగా వింటుంది, పక్కల నుంచి వచ్చేదాన్ని మసకగా వింటుంది. చిన్న పొర అన్ని వైపులా దాదాపు ఒకేలా వింటుంది. గాయకుడు మైకు ముందు కదలకుండా పాడతాడు కాబట్టి అతనికి ఇది పట్టదు. వయొలిన్ వాయించేవాళ్లు ఊగుతారు, గిటారు నిలువెల్లా పలుకుతుంది, గది నుంచి కూడా కొంత ధ్వని పక్కవాటంగానే వస్తుంది. వాద్యాల విషయంలో నా మొగ్గు చిన్న పొర వైపే. వాద్యం మరీ మెల్లగా పలికేదైతేనో, అదే మైకుతో పాట కూడా రికార్డు చేయాలంటేనో పెద్దది తీసుకుంటాను.

చవక పెద్ద-పొర మైకుల్లో ఇంకో చిక్కుంది, ఇది తెలియక చాలామంది తమ వాద్యాన్నే నిందించుకుంటారు. 1960లో వచ్చిన న్యూమన్ యూ 67లో కే67 అనే క్యాప్సూల్ వాడారు. ఆ క్యాప్సూల్‌కి ట్రెబుల్ సహజంగానే ఎక్కువ. దాన్ని కిందికి దించే ఏర్పాటు వాళ్లు మైకు సర్క్యూట్‌లోనే చేశారు, రెండూ కలిసి సరిసమానం అయ్యాయి. తర్వాత కాలంలో ఆ క్యాప్సూల్ నమూనాని చాలా చవక మైకుల్లోకి దించుకున్నారు కానీ, సర్క్యూట్‌లోని ఆ దిద్దుబాటుని చాలావాటిలో వదిలేశారు. ఫలితం, ఏ పౌనఃపున్యాన్ని మైకు ఎంత బిగ్గరగా వింటుందో చూపే గ్రాఫు 8 నుంచి 12 కిలోహెర్ట్జ్ దగ్గర గూని వచ్చినట్టు లేస్తుంది. మొదటిసారి వింటే 'అబ్బ, ఎంత క్లియర్‌గా ఉంది!' అనిపిస్తుంది. నాలుగోసారికి ఉక్కు తీగ రేకు గీరినట్టుంటుంది, వయొలిన్ కీచుమంటుంది. అందుకే గ్రాఫులో ఆ ప్రాంతం చూడండి. రెండు మూడు డీబీల గుట్ట అయితే పర్లేదు. ఐదారు డీబీల కొండ ఉంటే అది వాద్యాల మైకు కాదు.

వినే దిక్కు

మైకు ఏ వైపు వింటుందో చెప్పేదే పోలార్ ప్యాటర్న్. తక్కువ ధరలో దొరికేవి ఎక్కువగా కార్డియాయిడ్లే, అంటే ముందువైపు వినేవి. అన్ని వైపులా వినే ఓమ్నీకి ఒక మంచి గుణం ఉంది, దానికి ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ లేదు. ఎంత దగ్గర పెట్టినా బాస్ ఉబ్బదు. గది ఎక్కువ వినిపిస్తుంది కదా అని భయపడక్కర్లేదు. కార్డియాయిడ్‌ని 50 సెంటీమీటర్లలో పెడితే గది ఎంత వినిపిస్తుందో, ఓమ్నీని 30లో పెడితే దాదాపు అంతే. మూరెడు దూరంలో ఉన్నదాన్ని జానెడున్నరకి తెచ్చినట్టు, అంతే. మార్చుకునే క్యాప్సూళ్లున్న చిన్న మైకు మీ బడ్జెట్‌లో దొరికితే ఈ వెసులుబాటు కోసమైనా ఆలోచించండి. గది కొలతల కోసం అమ్మే చవక ఓమ్నీ మైకుల్ని మాత్రం మెత్తటి వాద్యాలకి వాడొద్దు. వాటి పొర మరీ చిన్నది, హిస్ దండిగా ఉంటుంది.

వాద్యం ముందు

గిటారు దగ్గర అందరూ చేసే పొరపాటు మైకుని రంధ్రానికి ఎదురుగా పెట్టడం. ధ్వని అక్కడి నుంచే వస్తుందని మన నమ్మకం. నిజానికి ఆ రంధ్రం దగ్గర వినిపించేది డొల్లలోని గాలి చేసే మోత, సుమారు 100 హెర్ట్జ్ దగ్గర బుంయ్‌మంటుంది. మైకుని పన్నెండో ఫ్రెట్‌కి (మెడ మీది లోహపు అడ్డపట్టీ) ఎదురుగా, జానెడున్నర దూరంలో పెట్టి, ముక్కు కొద్దిగా రంధ్రం వైపు తిప్పండి. ఇప్పుడు ఒక్క బెత్తెడు మెడ వైపు జరిపి వినండి, తీగల మీద వేళ్లు జారే చప్పుడు పెరుగుతుంది. బెత్తెడు డొల్ల వైపు జరిపితే నాదం లావెక్కుతుంది. ఆ బెత్తెడు చేసే మార్పు, ఒక మైకు తీసేసి ఇంకోటి పెట్టినంత ఉంటుంది. నేను ఆ మొదటి మైకుతోనే ఇది చేసి చూశాను. హిస్ పోలేదు కానీ, గిటారు మాత్రం గిటారులా పలికింది.

వయొలిన్ కథ వేరు. దాని ధ్వని పైపలక నుంచి పైకి, బయటికి పోతుంది. దగ్గర పెడితే కమాను గరుకు తప్ప ఏమీ మిగలదు. తల కంటే ఎత్తులో, కనీసం మూరెడు, వీలైతే రెండు మూరల దూరంలో, కిందికి చూసేలా పెట్టాలి. అంత దూరం అన్నామంటే పైన చెప్పిన అంకెలన్నీ ఒక్కసారిగా ముందుకొస్తాయి: సెల్ఫ్ నాయిస్ తక్కువ, ట్రెబుల్ గుట్ట చిన్నది, పక్కల వినికిడి నికరంగా. గిటారుకి సరిపోయిన చవక మైకు వయొలిన్‌కి కుదరకపోవడానికి కారణం ఇదే.

వేణువు, ఫ్లూట్ ఊదేవాళ్లు మైకుని ఊదే రంధ్రానికి ఎదురుగా పెడితే గాలి నేరుగా పొరని కొట్టి బఫ్ బఫ్‌మంటుంది. నోటి కంటే కాస్త ఎత్తులో, వేళ్ల రంధ్రాల వైపు చూసేలా, జానెడున్నర దూరం సరిపోతుంది. ఊపిరి కొంచెం వినిపించనివ్వండి, ఆ వాద్యానికి అది ప్రాణం.

ఒకటా, రెండా

జత మైకులు కొని స్టీరియోలో రికార్డు చేయాలని అందరికీ ఉంటుంది. డబ్బు పరిమితం అయినప్పుడు రెండు నాసిరకం మైకుల కంటే ఒక నాణ్యమైన మైకు మేలని నా అభిప్రాయం. పాట వెనక వచ్చే గిటారుకి మోనో చాలు. ఒంటరిగా వినిపించే గిటారుకి, పియానోకి మాత్రం జత నిజంగా తేడా చూపిస్తుంది. 17 సెంటీమీటర్ల ఎడంలో, 110 డిగ్రీల కోణంలో పెట్టే ఓఆర్‌టీఎఫ్ పద్ధతి ఫ్రెంచి రేడియో వాళ్లది, ఇంట్లో కూడా చక్కగా కుదురుతుంది. ముందుముందు జత కట్టే ఉద్దేశం ఉంటే యూఎస్‌బీ మైకు కొనకండి. అలాంటివి రెండింటిని ఒకేసారి ఒకే కంప్యూటర్‌లో నడపడం తలనొప్పి. ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు (మూడు పిన్నుల కేబుల్‌తో ఇంటర్‌ఫేస్‌కి కలిపేది), రెండు ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్ తీసుకుంటే ఇంకో మైకు ఎప్పుడైనా చేర్చుకోవచ్చు. స్టాండు దగ్గర పిసినారితనం వద్దు. మైకుని మెల్లగా కిందికి వాల్చేసే స్టాండు మీద బెత్తెడు లెక్కలు నిలవవు.

కొన్న మొదటి రోజు

వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే పరీక్షించండి. స్పీకర్లు మ్యూట్ చేసి ఫాంటమ్ పవర్ వేయండి, లేకపోతే డబ్‌మని కొడుతుంది. ఒక నిమిషం ఆగండి. రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో 24-బిట్ పెట్టుకుని, మీరు వాయించే వాటిలో గట్టి చోట లెవెల్ మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా గెయిన్ సర్దండి. ఆ గెయిన్ కదపకుండా మైకుని బొంతల్లో చుట్టి అరనిమిషం నిశ్శబ్దాన్ని రికార్డు చేసి వినండి. ఒకే రకం సుయ్ అయితే అది సెల్ఫ్ నాయిస్. చిటపటలు వినిపిస్తే క్యాప్సూల్‌కి తేమ పట్టి ఉండొచ్చు. ఒక పూట పొడిగా ఉంచి మళ్లీ వినండి, అప్పటికీ పోకపోతే వెనక్కి ఇచ్చేయండి. వాడనప్పుడు మైకుని సిలికా జెల్ సంచితో డబ్బాలో పెడితే ఆ చిటపట జోలికి రాదు.

తర్వాత మీ వాద్యంలో మీకు బాగా తెలిసిన, అతి మెత్తటి ముక్క ఒకటి ఎంచుకుని జానెడు, మూరెడు, రెండు మూరల దూరాల్లో మూడుసార్లు వాయించండి. మూడింటినీ ఒకే బిగ్గరతనానికి తెచ్చి, కళ్లు మూసుకుని వినండి. హిస్ ఎక్కడ అడ్డొస్తోందో, గది ఎక్కడ ముందుకొస్తోందో, వాద్యం ఎక్కడ నిండుగా ఉందో తెలిసిపోతుంది. నిండుగా పలికిన చోటికి హిస్ అడ్డొస్తే మైకు మార్చండి, గది అడ్డొస్తే బొంత మార్చండి. రెండూ అడ్డురాకపోతే నేల మీద స్టాండు కాళ్లు, కుర్చీ కాళ్లు ఉన్నచోట టేపు అతికించి గుర్తు పెట్టుకోండి.